ఎనిమిది అడ్డుచెక్కలు

తలుపు కొట్టిన మనిషిని వెంటనే లోపలికి రానివ్వడం మా ఇంటా వంటా లేని అలవాటు. మా నాన్నగారైతే కిటికీ రెక్క కొంచెం తీసి, ముందు కాళ్ళు చూసి, ఆ తర్వాతే ముఖం చూసేవారు. గాజువాకలో ఈ మూడో అంతస్తు ఫ్లాట్‌కి వచ్చాక నాకు ఆ పని తలుపుకున్న చిన్న అద్దం చేసిపెడుతోంది. ఫోన్‌కి అలాంటి అద్దం లేదు కాబట్టి తెలియని నంబరు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బ్యాంకు నుంచి అంటారు, కొరియర్ అంటారు, చివరికి ఏదో ఒకటి లాగే దాకా వదలరు. అందుకే క్రితం నెల ఒక మధ్యాహ్నం ఎవరో ఆడమనిషి ఫోన్ చేసి, "మీరు తుమ్మెదవలస సైడింగు మాస్టారి అమ్మాయేనాండి" అని అడగ్గానే, "కాదు, రాంగ్ నంబర్" అని పెట్టేశాను. తుమ్మెదవలస అన్న మాట నా నోటితో నేను పలికి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. మా ఆయన పోయాక ఈ నగరంలో ఆ ఊరి సంగతి తెలిసినవాళ్ళు ఎవరూ లేరనుకున్నాను. ఆ అనుకోవడంలో కొంత నిశ్చింత కూడా ఉండేది.

పది నిమిషాలకి మళ్ళీ అదే నంబరు. "ఫోన్ కట్ సెయ్యకండక్కా. నాను సోములు కూతుర్ని, అప్పలనరసమ్మని. మా అయ్య మీకొకటి ఇచ్చి రమ్మన్నాడు" అంది. అచ్యుతాపురంలో ఏదో మందుల కంపెనీ క్యాంటీన్‌లో పని చేస్తోందట. నా నంబరు ఎలా దొరికిందని అడిగాను. మా చర్చిలో పూలు సర్దే ఆవిడ వాళ్ళ వీధిలోనే ఉంటుందట, మాటల్లో మా నాన్నగారి పేరు వచ్చిందట. ఏమిటి ఇవ్వాలి అని అడిగితే, "వచ్చినాక సూద్దురు" అంది. పరిచయం లేని మనిషి అక్కా అని పిలిచిందంటే ఏదో అడగడానికేనని నా నమ్మకం. సహాయం అడగడానికా, సిఫార్సుకా, లేక నేను ఇన్నేళ్ళుగా ఎదురుచూస్తున్న ఆ ప్రశ్న అడగడానికా? వద్దంటే అనుమానం వస్తుందని, ఆదివారం చర్చి అయ్యాక రమ్మన్నాను. నలభై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పి, నాలుగు పుస్తకాలు రాసి, ఆ మూడు రోజులూ నేను గడప దగ్గర దొంగలా తిరిగాను.

తుమ్మెదవలస మీరు చూసి ఉండరు. విశాఖ నుంచి కొండ మీదికి పోయే రైలుదారిలో, సొరంగాలు మొదలయ్యాక, ఇప్పుడు ఏ బండీ ఆగని చోటు అది. మా చిన్నప్పుడు అక్కడ స్టేషను ఉండేది. ఆ స్టేషన్ పక్క నుంచి కొండ చరియ మీదుగా మూడు మైళ్ళు పైకి పోయే ఇంకో చిన్న దారి ఉండేది. అది సున్నం కంపెనీవాళ్ళ సొంత రైలుదారి, దాన్నే సైడింగు అనేవాళ్ళం. పైన బట్టీలు, బట్టీల చుట్టూ మా క్వార్టర్లు. రాయి కాల్చి సున్నం చేసి, దాన్ని వ్యాగన్లలో నింపి, మేం బుడ్డి ఇంజను అని పిలుచుకునే ఒక పొట్టి ఇంజనుతో కిందికి దింపి స్టేషన్‌లో అప్పజెప్పేవారు. ఆ సైడింగుకి మా నాన్నగారు మాస్టారు. వ్యాగన్లు ఎక్కడ నిలపాలి, ఏది ఎప్పుడు కదలాలి, దేనికి బ్రేకు వేశారు, దేనికి వెయ్యలేదు, ఇదంతా ఆయన పని. ఆయన కింద పని చేసే ముఖ్యమైన మనిషి సోములు. శృంగవరపుకోట పక్క ఊళ్ళో ఉన్న సెంటు భూమీ వదిలేసి కొండెక్కిన మనిషి. అరచేతులు చేటలంత ఉండేవి.

కొండ మీద రైలు నడిపేవాళ్ళకి అనుమానం జబ్బు కాదు, జీతం దానికే ఇచ్చేవారు. నేల ఎక్కడా సమంగా ఉండదు కాబట్టి నిలబెట్టిన వ్యాగను ఎప్పుడు జారుదామా అని చూస్తూనే ఉంటుందని మా నాన్నగారు అనేవారు. సోములు బ్రేకు బిగించి వచ్చాక ఈయన వెళ్ళి మళ్ళీ బిగించేవారు. చక్రానికి కాలు ఆనించి తోసి చూసేవారు. "కంటితో చూసింది నమ్మకు, చెయ్యి పెట్టి చూడు" అని రోజుకి పదిసార్లు అనేవారు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. పడుకోబోయే ముందు గొళ్ళెం పెట్టింది అమ్మే అయినా, ఆయన లేచి ఇంకోసారి లాగి చూసేవారు. అన్నం ఉడికిందంటే మెతుకు పట్టుకుని చూసేవారు. మా అమ్మకి దీని మీద చెప్పలేనంత కోపం. "నన్ను కూడా తోసి చూస్తారా, జారిపోతానేమో" అని ఒకసారి అంది. ఆయన నవ్వలేదు. ఆలోచించారు.

బ్రేకు ఒక్కదాన్నీ నమ్మరు కాబట్టి పైన బట్టీల దగ్గర నిలిపిన ప్రతి వ్యాగనుకీ పల్లం వైపు చక్రాల కింద రెండు చెక్క దిమ్మలు పెట్టేవారు, ఈ పట్టా మీద ఒకటి, ఆ పట్టా మీద ఒకటి. వాటినే అడ్డుచెక్కలు అనేవాళ్ళం. ఒక పక్క వాలుగా చెక్కి, వెనకాల ఇనుప రేకు కొట్టి, ఆ రేకు మీద నంబరు వేసేవారు. నాలుగు వ్యాగన్లకి ఎనిమిది చెక్కలు. ఇరుసుల నూనె కారి కారి, ఏళ్ళ తరబడి తాగి, అవి నల్లగా నిగనిగలాడేవి. వాటి వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. ఆటోనగర్‌లో ఏ షెడ్డు ముందు నుంచి నడిచినా ఆ వాసన ఒక్కసారి తగిలి, వెంటనే కాళ్ళు ఆగిపోతాయి. అక్కడ కూడా ఈమధ్య షట్టర్లు దించిన షెడ్లు ఎక్కువయ్యాయి.

ఇక్కడ ఒక ఆనవాయితీ చెప్పాలి, ఎందుకంటే ముప్పంతా దాంట్లోంచే వచ్చింది. అడ్డుచెక్క పగిలితే అది ఇంక పనికిరాదు. పగిలిన చెక్కని ముందు చూసినవాళ్ళు ఇంటికి పట్టుకుపోవచ్చు. కొండ మీద ముసురు పట్టిందంటే వారం పది రోజులు వదలదు, కట్టెలన్నీ తడిసి పొగ తప్ప మంట రాదు, స్నానానికి వేడినీళ్ళు లేకపోతే సున్నం ఒంటి మీద అలాగే ఉండి చర్మం చీలిపోతుంది. నూనె తాగిన అడ్డుచెక్క ఒక్కటి నీళ్ళ పొయ్యిలో పెడితే ఇంటిల్లిపాది స్నానాలూ అయ్యేవి. అందుకని కాలనీలో ఆడవాళ్ళూ పిల్లలూ సైడింగు పక్కన నడిచేటప్పుడు కళ్ళు చెక్కల మీదే ఉండేవి, ఎక్కడైనా బీట కనిపిస్తుందేమోనని. మొదట్లో ఒకటి పోతే కంపెనీ ఇంకొకటి పంపేది. తర్వాత పంపడం మానేసింది. నా అనుమానం ఏమిటంటే, మూతపడబోయే చోట ముందు ఇలాంటి చిన్న చిన్నవే ఆగిపోతాయి. మంచినీళ్ళ మనిషిని తీసేశారు, ఆఫీసు గడియారం బాగుకని కిందికి పంపితే తిరిగి రాలేదు, తర్వాత చెక్కలు. మాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడైతే ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గర గడియారం ఆగి ఉన్నా నాకు గుండెలో దడ.

మా అమ్మకి ఆయాసం. ఆ ముసురులో పొగకి ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చునేది. నాకు పదకొండేళ్ళు. ఒకరోజు బడి నుంచి వస్తూ సైడింగు పక్కన పేర్చిన చెక్కల్లో ఒకదాని మీద గీత చూశాను. అది బీటో, గొడ్డలి గీతో, నిజంగా నాకు తెలియదు. బీటే అని నాకు నేను చెప్పుకున్నాను. పుస్తకాల సంచిలో దూర్చుకుని ఇంటికి తెచ్చేశాను. "పగిలిందేనా" అని అమ్మ అడిగింది. "పగిలిందే" అన్నాను. ఆమె చెయ్యి పెట్టి చూడలేదు. నీళ్ళు ఎంత బాగా కాగాయంటే, అమ్మ ఆ సాయంత్రం చాలా రోజుల తర్వాత పాట పాడింది, చర్చిలో పాడేది, సన్నగా. ఆ పాట వింటూ నాకు నేను చాలా మంచిదాన్ననిపించింది.

రెండు రోజుల తర్వాత బడి లేదు. మధ్యాహ్నం నాన్నగారికి కేరియరు పట్టుకుని సైడింగు ఆఫీసుకి వెళ్ళాను. నాలుగు వ్యాగన్లు నిండి, మీద టార్పాలిన్లు కప్పి, వరసగా నిలబడి ఉన్నాయి. సోములు గుమ్మం దగ్గరికి వచ్చి, తలగుడ్డ పిండుకుంటూ, "మాస్టారూ, సెక్కలు రెండు తక్కువ పడ్డాయండి. ఆరే ఉన్నాయి" అన్నాడు. రెండు అన్నాడు. నేను తీసింది ఒకటే. అప్పట్లో ఆ లెక్క నా బుర్రలో మేకులా దిగి, మళ్ళీ ఊడి రాలేదు. నాన్నగారు కలం కింద పెట్టలేదు. "పై వ్యాగనుకి రాళ్ళు పెట్టు. రేపు చూద్దాం" అన్నారు. ప్రతిదీ మూడుసార్లు తోసి చూసే మనిషి, ఆ ఒక్కరోజు లేవలేదు. వానలో తడవడం ఎందుకనుకున్నారేమో. లేచి వెతికితే చెక్క ఎవరి పొయ్యిలో తేలుతుందోనన్న అనుమానం అప్పుడే వచ్చిందేమో. ఈ రెండో మాట నేను పెద్దయ్యాక అనుకున్నది. నేను అక్కడే, కేరియరు గిన్నెలు విప్పుతూ, నోరు విప్పకుండా నిలబడ్డాను.

అన్నం తిని ఆయన చెయ్యి కడుక్కుంటుండగా చప్పుడు వినిపించింది. తడిసిన రాళ్ళ మీద నుంచి పై వ్యాగను జారి, కింద ఉన్న మూడింటినీ గుద్దింది. ఆ మూడూ చెక్కలు దాటుకుని కదిలాయి. అరవడానికి తప్ప ఎవరికీ ఏమీ చెయ్యడానికి టైము లేదు. నాలుగూ మలుపు దాకా పోయి, మేం గెడ్డ అనే కొండవాగు మీద ఉన్న చిన్న వంతెనతో సహా నీళ్ళలో పడ్డాయి. దేవుడి దయవల్ల మనుషులెవరూ లేరు. కాలిన సున్నం మీద నీళ్ళు పడితే ఏమవుతుందో కాలనీలో పిల్లలకి కూడా తెలుసు. గెడ్డ మొత్తం సలసలా మరిగింది. తెల్లటి ఆవిరి చెట్ల పైదాకా లేచింది. చేపలు వెల్లకిలా తేలుతూ కింది ఊరి దాకా పోయాయి. మరుసటి రోజుకి ఆ గెడ్డ పొడుగునా గట్లు పాలు ఒలికినట్టు తెల్లబడ్డాయి. పై వ్యాగను చక్రం కింద ఒక్క పక్కన చెక్క ఉన్నా బండి ఆగేదని తర్వాత అందరూ అన్నారు. అంటే పోయిన రెంటిలో ఏ ఒక్కటి అక్కడున్నా సరిపోయేది.

ఆ సాయంత్రం నాన్నగారు ఒళ్ళంతా సున్నంతో వచ్చారు. స్నానానికి వెళ్ళకుండా నీళ్ళ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, పుల్లతో బూడిద కెలికారు. కెలికి కెలికి ఒక ఇనుప రేకు బయటికి తీశారు. మసి తుడిచి నంబరు చూశారు. తల తిప్పి నన్ను చూశారు, అమ్మని చూశారు, రేకు జేబులో వేసుకున్నారు. ఆయన నన్ను కొట్టి ఉంటే నా బతుకు వేరే రకంగా ఉండేదని ఇప్పటికీ అనుకుంటాను. ఏమీ అనలేదు. మా ఇంట్లో రోజూ దీపాలు పెట్టాక నాన్నగారు పెద్దగా ప్రార్థన చేసేవారు, చివర్లో మా పాపాలు క్షమించమని అడిగేవారు. ఆ రోజు పెదవులు కదిలాయి గానీ గొంతు రాలేదు. తర్వాత ఎప్పుడూ ఆయన మా ముందు పైకి ప్రార్థన చెయ్యలేదు. ఆ పని అమ్మ చేతికి వచ్చింది. కారణం ఆమె అడగలేదు, అడిగితే వినాల్సి వస్తుందని భయం కావచ్చు.

విచారణకి కింది నుంచి కంపెనీ మనుషులు ముగ్గురు వచ్చారు. నాన్నగారు ఒక్క మాటే చెప్పారని తర్వాత విన్నాను. అడ్డుచెక్కల బాధ్యత సోములుది. అది నిజమే, రూలు ప్రకారం. రెండు తక్కువున్నాయని సోములు ముందే చెప్పిన సంగతి ఆయన చెప్పలేదు. వింత ఏమిటంటే సోములు కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదన్నది నాకు తెగని అనుమానం. సోముల్ని తీసేశారు. వాళ్ళు సామాన్లు నెత్తిన పెట్టుకుని స్టేషన్‌కి నడిచి పోతుంటే, సోములు భార్య పైడితల్లి మా గుమ్మం ముందు ఆగింది. మా అమ్మకి ఆయాసం వచ్చినప్పుడల్లా వచ్చి వీపు రాసిన మనిషి. ఇప్పుడు మా ఇంటి వైపు చూసి, చేతులు జోడించి వెళ్ళిపోయింది. క్షమించమని అడుగుతున్నట్టుంది ఆ దణ్ణం. తప్పు మాదైతే ఆమె ఎందుకు దణ్ణం పెడుతోందో నాకు అర్థం కాలేదు. తలుపు చాటున నిలబడి చూశాను.

విరిగిన వంతెన కంపెనీ కట్టలేదు. ఆర్నెల్లకి బట్టీలు చల్లబడ్డాయి. వంతెన ఒక సాకు అనీ, అంతకు ముందే అమ్మేసుకోవాలని చూస్తున్నారనీ పెద్దవాళ్ళు అనుకునేవారు. నాకు ఆ మాట చాలా కాలం ఊరట. కంపెనీనే అనుమానిస్తే నన్ను నేను అనుమానించుకోవక్కర్లేదు కదా. నాన్నగారికి మాత్రం వాళ్ళే విశాఖలో ఓడరేవు దగ్గరున్న గోడౌన్‌లో పని ఇచ్చారు. అందువల్ల మేం నగరానికి వచ్చాం, నేను చదువుకున్నాను, టీచరునయ్యాను, ఉక్కు ఫ్యాక్టరీలో పని చేసే మనిషిని పెళ్ళి చేసుకున్నాను. బుడ్డి ఇంజన్ని తూకానికి అమ్మేశారు. కొన్నాళ్ళకి స్టేషను కూడా ఎత్తేశారు. రెండేళ్ళ కిందట స్కూలు టీచర్లతో కలిసి అద్దాల రైలుపెట్టెలో అరకు వెళ్ళాను. తుమ్మెదవలస దగ్గరికి వచ్చేసరికి అందరూ సొరంగం చీకట్లో కేకలేస్తూ ఫోన్లలో వీడియోలు తీసుకుంటున్నారు. నేను కిటికీకి ముఖం ఆనించి చూశాను. అర నిమిషం కూడా పట్టలేదు. పొదల్లోంచి ఒక బట్టీ గొట్టం, దాని మీద రావి మొక్క. మాకు ఎదురుగా ఇనుప ఖనిజం నింపిన గూడ్సు పోతోంది, ఎంతకీ తరగని బండి. అన్ని పెట్టెల్ని ఇప్పుడు ఏం పట్టి ఆపుతారో, ఎవరు చెయ్యి పెట్టి చూస్తారో అనుకున్నాను.

నాన్నగారు పోయాక ఆయన గడ్డం గీసుకునే డబ్బాలో ఆ రేకు దొరికింది. అయిదో నంబరు. దాన్ని నా బైబిలు పెట్టుకునే సొరుగులో, అడుగున, గుడ్డలో చుట్టి పెట్టుకున్నాను.

ఆదివారం అప్పలనరసమ్మ అన్న టైముకే వచ్చింది. అద్దంలోంచి చూశాను. నాకంటే నాలుగేళ్ళు చిన్నది, జుట్టు నాకంటే తెల్లగా ఉంది, చంకలో పాత తువ్వాలుతో చుట్టిన మూట. గొళ్ళెం తియ్యడానికి నాకు కొంచెం సేపు పట్టింది. సోఫా చూపిస్తే కింద కూర్చోబోయింది, బలవంతాన పైన కూర్చోబెట్టాను. టీ ఇచ్చాను. ఆమె టీ పక్కన పెట్టి మూట విప్పింది. లోపల అడ్డుచెక్క. నల్లగా, నిగనిగలాడుతూ, ఒక్క బీట లేకుండా. వెనక రేకు మీద ఎనిమిది.

"ఇది మాయమ్మ తీసిందక్కా" అంది అప్పలనరసమ్మ. "పగిలిందనుకుని అట్టుకొచ్చీసిందంట. పొయ్యిలో ఎట్టేలోపే బండ్లు పడిపోనాయి. ఇంక బయపడిపోయి బియ్యం డబ్బా ఎనకాల దాసీసింది. మా అయ్య సూసేసేడు. ఇంక సూడండి, బతికినన్నాల్లూ దీని మీదే గొడవ. నీ వల్లే నా పని పోనాది, నీ వల్లే రైలు ఆగిపోనాది, ఊరు సచ్చిపోనాది అనీవోడు. ఏడాది పాటు ఆ సేతి కూడు తిన్నాడు కాడు. ఉక్కు ఫ్యాక్టరీ కడతన్నప్పుడు ఇక్కడే కంకర మోసింది మాయమ్మ. సచ్చిపోయే ముందు కూడా, మాస్టారికి మొకం సూపించలేకపోనాను గుంటా అని ఏడిసింది. ఇది ఇచ్చీసి, తప్పయిపోనాదని సెప్పి రమ్మన్నాడు మా అయ్య. మాస్టారు లేరని తెల్దు ఆయనకి. సెప్పినా మర్సిపోతన్నాడు."

ఆమె నన్ను నిలదీయడానికి వస్తోందని మూడు రోజులు నిద్రపోలేదు నేను. ఆమె క్షమాపణ చెప్పడానికి వచ్చింది. నేను ఊరుకుంటే సరిపోయేది. "పోనీలే, అయిపోయిందేదో అయిపోయింది" అంటే ఆ మనిషి నా కాళ్ళకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయేది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చిందని ఒప్పుకుంటున్నాను. పైడితల్లి మా గుమ్మం ముందు పెట్టిన దణ్ణం కళ్ళ ముందు కనపడింది. లేచి లోపలికి వెళ్ళి, సొరుగు అడుగు నుంచి గుడ్డ మూట తెచ్చి, రేకు తీసి ఆ చెక్క పక్కన పెట్టాను.

"పోయినవి రెండు చెక్కలు నరసమ్మా. ఒకటి మీ అమ్మ తీసింది. ఇది నేను తీశాను. మా పొయ్యిలో కాలింది. ఒక్కటే పోయుంటే బండి ఆగేది. మా నాన్నకి తెలుసు. నాకూ తెలుసు."

ఆమె రేకు చేతిలోకి తీసుకుని, నంబరు మీద వేలు పెట్టి తడిమింది. తర్వాత ఫోన్ తీసి, "ఈ మాట మా అయ్యకి మీరే సెప్పండి. నాను సెప్తే నమ్మడు" అని నంబరు కలిపి, స్పీకరు పెట్టి మా ఇద్దరి మధ్యా ఉంచింది. సోములు గొంతు అరిగిపోయి ఉంది, వెనకాల కోళ్ళ చప్పుడు వినిపిస్తోంది. "పాపా, బాగున్నావా. మాస్టారు బాగున్నారా" అన్నాడు. చిన్నప్పుడు పేరు పెట్టి పిలిచేదాన్ని. ఇప్పుడు "సోములుగారూ" అన్నాను. అని, చెప్పాల్సింది చెప్పేశాను, అయిదో నంబరుతో సహా.

"నాకు తెల్దేటి పాపా" అన్నాడు. "ఆ దినం గేటు కాడ నీ బేగులోంచి మూల బయటికి కనిపించింది గదా. సిన్న గుంట కదా అని ఊరుకున్నాను."

అప్పలనరసమ్మ ఫోన్ దగ్గరికి వంగింది. "నీకు తెల్సా అయ్యా? అప్పుడే తెల్సా?"

"తెల్సు. కంపెనీ పెద్దోలు వచ్చిన దినం మాస్టారు నన్ను షెడ్డు ఎనక్కి పిల్సి సెయ్యి అట్టుకున్నారు. ఏటీ అనకు సోములూ, గుంట సదువుకోవాల అన్నారు. అంత మనిసి సెయ్యి అట్టుకుంటే ఏటంతాను."

"మరి అమ్మకి సెప్పలేదేటి?"

"సెప్తే మీయమ్మ నోరు ఊరుకుంటాదా. కాలనీ అంతా సెప్పీసేది. మాస్టారి పని పోయేది."

"తర్వాత సెప్పొచ్చు కదా. కొండ దిగిపోనాక సెప్పొచ్చు కదా. అమ్మ కంకర మోసినన్నాల్లూ నువ్వు తిట్టినావు కదా అయ్యా."

అప్పలనరసమ్మ ఫోన్ కట్ చేసింది. నా తెగని అనుమానం తెగింది గానీ, ఆ తెగడంలో నాకు సంతోషం ఏ మూలా లేదు. దేన్నయినా చెయ్యి పెట్టి చూడమనే మనిషి, మా నాన్న, ఒకే ఒక్కసారి మనిషి చెయ్యి పట్టుకున్నాడు. దాని బరువు మా ఇంట్లో ఎవరి మీదా పడలేదు. మేం ఎప్పుడూ చూడని చోట, కంకర తట్టతో పాటు పైడితల్లి నెత్తిన పడింది. ఆమె కంకర మోసిన ఫ్యాక్టరీ మా ఆయనకిచ్చిన జీతంతోనే నేను ఈ ఫ్లాట్ కొనుక్కున్నాను. ఇక్కడికి పది నిమిషాల దూరంలో ఆమె ఏళ్ళ తరబడి పని చేసిందనీ, నేను వెతికి ఉంటే దొరికేదనీ ఇప్పుడు చెప్పుకోవడం కూడా నాకు నాటకంలాగే అనిపిస్తుంది. ఏడుపు వచ్చింది, ఏడ్చాను. అప్పలనరసమ్మ నన్ను ఓదార్చలేదు. ఓదార్చి ఉంటే నేను ఆమెనీ అనుమానించేదాన్ని.

ఆమె అడ్డుచెక్కని మళ్ళీ తువ్వాలులో చుట్టింది. ఇక్కడే వదిలేస్తుందనుకున్నాను, అందుకే కదా తెచ్చింది.

"ఇది మాయమ్మది. నానే తీసుకెల్తాను" అంది. రేకు నా వైపు జరిపింది. "మీది మీ కాడే ఉంచండి."

గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ ఆగింది. "మీరు పుస్తకాలు రాత్తారంట కదా. ఆ రైలు గురించి ఎప్పుడైనా రాస్తే మాయమ్మ పేరు రాయండి. ఊరికినే ఆడమనిసి అని రాసీకండి" అని మెట్లు దిగిపోయింది. లిఫ్టు చూపించినా ఎక్కలేదు. దాన్ని నమ్మదట.

ఆమె పేరు పైడితల్లి. తుమ్మెదవలస సైడింగు నుంచి ఆమె తీసింది ఒక్కటే చెక్క, ఎనిమిదో నంబరుది. రెండోది నేను తీశాను.